కుర్చీకి తగిలిన గోడ

గోడ నడుస్తోందంటే మా ఆవిడ నవ్వింది. నవ్వదూ మరి? కుర్చీ తిప్పేది నేను, మోకాలు కొట్టుకునేది నా దగ్గరికొచ్చిన మనిషి. ఆవిడ సొమ్మేం పోయింది.

నిజానికి దాన్ని గోడ అనడమే ఎక్కువ. నేల మీద ఒక చెక్క పట్టీ వేసి, మరలతో బిగించి, దాని మీద ప్లైవుడ్ పలకలు నిలబెట్టారు. మనిషి తలకంటే కాస్త ఎత్తు ఉంటుంది. ఫ్యాను గాలి ఇద్దరికీ రావాలని పైన ఖాళీ వదిలారు. ఒకప్పుడు ఒకే సెలూన్‌గా ఉన్న మా కొట్టు ఆ పలకలతో రెండయింది. ఇటు నా కుర్చీ, నా అద్దం, నా తలుపు. అటు మా చెల్లెలి మొగుడి కుర్చీ, అతని అద్దం, అతని తలుపు, అతని రేడియో.

ఆ రేడియోతోనే వచ్చింది తంటా అంతా. కత్తెర పట్టుకుంటే నా నోరు ఊరుకోదు. కూర్చున్నవాడికి ఏదో ఒక కబురు చెబుతూ ఉండాలి. సరిగ్గా కబురు రసపట్టులో పడే సమయానికి మా బావ రేడియో గొంతు పెంచేవాడు. ఒకరోజు తీగ పీకేశాను. అతను ఒక మాటన్నాడు, నేను నాలుగన్నాను. వడ్రంగి వచ్చి కొట్టుకు నడిమధ్యన అడ్డు బిగించి పోయాడు. ఆ రోజు నుంచీ మాటల్లేవు. మళ్ళీ అతని వైపు గడప తొక్కితే నా పేరు మార్చుకుంటానని అందరి ముందూ చెప్పాను.

ఒక్క పని మాత్రం ఆగలేదు. ఎంత గొప్ప పనివాడైనా తన తల తాను కత్తిరించుకోలేడు. పోనీ వీధి చివరి సెలూన్‌కు పోదామంటే, ఉన్న పరువు కాస్తా అక్కడే ఊడ్చి పారేస్తారు. అందుకని వారం వారం సెలవుకు ముందురోజు సాయంత్రం, తలుపులు వేసే ముందు, బావ తన కత్తెర పట్టుకుని ఇటు వచ్చేవాడు. నన్ను నా కుర్చీలోనే కూర్చోబెట్టి పని కానిచ్చేవాడు. తర్వాత తను కూర్చునేవాడు. తలా గడ్డమూ రెండూ నేను చేయాలి. మాట ఉండదు. తల పక్కకు తిప్పాలన్నా వేలితో తిప్పడమే. అతను మెడ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకునేవాడు, ఒక్కోసారి గురక కూడా పెట్టేవాడు. నేను మాత్రం అతని చేతిలో కత్తెర ఉన్నంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉండేవాణ్ణి. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అని ఊరికే అన్నారా? ఇతనికి నోట్లో చక్కెర కూడా లేదు.

మొదటిసారి కుర్చీ తగిలింది మాస్టారు కూర్చున్నప్పుడు. ఇంటింటికీ తిరిగి పిల్లలకు లెక్కలు చెప్పే ఈ మాస్టారు నా పాత మనిషి. నా దగ్గరికి రావడం మొదలుపెట్టినప్పుడు ఆయన నెత్తి నిండా జుట్టుండేది. ఇప్పుడు చెవుల పక్కన కాస్త మిగిలింది, అది కత్తిరించుకోవడానికీ అంతే శ్రద్ధగా వస్తారు. కుడి చెంప అయ్యాక ఎడమ చెంప కోసం కుర్చీ తిప్పాను. అది సగం తిరిగి ధన్‌మని ఆగింది. కాళ్ళు పెట్టుకునే రేకు పోయి అడ్డుకు కొట్టుకుంది.

"ఇదేంటయ్యా, మొన్నటిదాకా బొంగరంలా తిరిగేది?" అన్నారు మాస్టారు.

"అదే నేనూ చూస్తున్నాను," అన్నాను, అటువైపు వినబడేంత గొంతుతో.

అటు కత్తెర చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కదా అనుకున్నాను. అద్దంలో తన మొహం సగమే కనబడుతోందని కూడా మాస్టారు అన్నారు. నిటారుగా కూర్చోమన్నాను.

ఆ రోజుల్లో వెలుతురు కూడా నా మీద కక్ష కట్టింది. బల్బు మార్చాను. కొత్తదీ గుడ్డిగానే వెలిగింది. బల్బుల్లో కూడా కల్తీ వచ్చింది కాబోలు. అద్దం ఎంత తుడిచినా మసక వదలదు. రెండు వైపులా టీ తెచ్చిచ్చే మా చెల్లెలితో ఈ మాట చెప్పాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట. బల్బునెందుకు తిడతావు అన్నయ్యా, ఒకసారి కళ్ళు చూపించుకో," అంది.

"నా కళ్ళకేం? నువ్వు ఇటు తక్కువా అటు ఎక్కువా టీ పోయడం కూడా కనబడుతూనే ఉంది."

"అవునవును, నీకు లేనివన్నీ కనబడతాయి," అని గ్లాసు తీసుకుని పోయింది.

ఎంతైనా మొగుడి తరఫు మనిషి. నాకు చూపు తగ్గిందని నా నోటితోనే అనిపిస్తే కుర్చీ ఖాళీ అవుతుంది, కొట్టు మొత్తం వాళ్ళదవుతుంది. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు దీన్ని.

ఒక సెలవు మర్నాడు కొట్టు తీస్తే నేల మీద రంపపు పొట్టు. రోజూ ఊడ్చే వెంట్రుకలకూ పొట్టుకూ తేడా నా అరికాళ్ళకు తెలియదా? వంగి, అడ్డు కింది పట్టీని తడిమి చూశాను. మరలు కొత్తవి, తుప్పు లేకుండా నున్నగా తగిలాయి. నేను లేనప్పుడు ఎవరో గోడ ఊడదీసి మళ్ళీ బిగించారు. ఎవరో ఏమిటి, బావే.

తమాషా ఏమిటంటే ఆ రోజు కుర్చీ హాయిగా తిరిగింది. దాంతో అనుమానం తగ్గలేదు, పెరిగింది. దొంగ మొదటి రోజే బిందె ఎత్తుకుపోడు, ముందు మంచినీళ్ళడుగుతాడు. అనుకున్నట్టే కొన్నాళ్ళకు మళ్ళీ ధన్. మళ్ళీ ఒక సెలవు, మళ్ళీ పొట్టు, నాలుగు రోజులు సుఖం, తర్వాత మామూలే. కొంచెం వదలడం, కొంచెం నొక్కడం. పిల్లి ఎలుకను ఆడించినట్టు ఆడిస్తున్నాడని నాకు మండిపోయేది.

ఈలోగా పలక పైఅంచున ఒక దీపం వెలిసింది. రేకు గొడుగుతో, మొహం నా వైపు తిప్పి. తన దీపాన్ని పక్కవాడి కొట్టులోకి తిప్పేవాణ్ణి ఏమనాలి? నా దగ్గరికి ఎవరొస్తున్నారో, ఎవరు మానేశారో చూసుకోవడానికి పెట్టాడు. అయినా ఊరికే వచ్చే వెలుతురును ఎందుకు వదలాలి? అంతకుముందు కూడా అతని ట్యూబులైటు వెలుతురు పలక మీంచి కాస్త ఇటు ఒలికేది. పొద్దున్నే ఊడవడానికి కుర్చీని పక్కకు లాగి, తిరిగి పెట్టేటప్పుడు, కూర్చున్నవాడి మొహం మీద ఆ వెలుతురు పడేలా చూసుకునేవాణ్ణి. అదొక్కటే వాళ్ళ దగ్గర నేను రాబట్టిన లాభం అనుకున్నాను.

తర్వాత మాస్టారి చెవి కొస తెగింది. ఆయన కదిలారు. కదల్లేదని ఆయనంటారు. పటిక రాశాను, రక్తం ఆగింది, ఆయన డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఒకరోజు ఖాళీగా కూర్చుని ఉంటే మాస్టారి దగ్గు వినబడింది. అవతలి వైపు నుంచి.

నాకు కడుపు మండింది. మండడమే కాదు, భయం వేసింది. ఒక్కొక్కరే అటు పోతున్నారు. నాకు ఈ కుర్చీ తప్ప మరో విద్య రాదు. ఇది పోతే ఇంట్లో ఒక మూల, మా ఆవిడ ఊడ్చేటప్పుడు కాళ్ళు పైకెత్తుతూ కూర్చోవాలి. గోడ జరుపుతున్నవాడు నా బతుకు జరుపుతున్నాడు. ఆ మాట ఎవరితో చెప్పుకోను? చెల్లెలి మొగుడయిపోయాడు.

సెలవుకు ముందురోజు మధ్యాహ్నం ఒక కొత్త మనిషి వచ్చి కూర్చున్నాడు. బాగా పొడుగు. నురగ పట్టించి కుర్చీ తిప్పాను. ఈసారి రేకు కాదు, ఆయన మోకాలే పోయి పలకకు గుద్దుకుంది. సగం నురగతోనే లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ముందు కొట్టు బాగుచేసుకోవయ్యా," అని వెళ్ళిపోయాడు.

ఇక నా ఒళ్ళు నాకు తెలియలేదు. పేరు మార్చుకున్నా సరేననుకుని, వీధిలోంచి చుట్టి వెళ్ళి అవతలి తలుపు తోశాను.

"ఇంకా ఎంత మింగుతావు బావా? ఒక్కసారే మొత్తం మింగెయ్. నేను రోడ్డు మీద కుర్చీ వేసుకుంటాను..."

మాట పూర్తికాలేదు. లోపల అడుగు పెడుతూనే నా కుడి భుజం గోడకు తగిలింది. ఎడమ మోచెయ్యి పలకకు తగిలింది.

కుర్చీలో మాస్టారు మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉన్నారు. బావ ఆయన వెనక పక్కవాటుగా నిలబడి, పొట్ట లోపలికి పీల్చుకుని, తల మీదుగా వంగి ఎడమ చెంప గీస్తున్నాడు. కుర్చీ చుట్టూ తిరగడానికి అతనికి చోటు లేదు. కుర్చీ తిరగడానికీ లేదు. నేను అటువైపు ఒక పెద్ద హాలు ఊహించుకున్నాను. ఇన్నాళ్ళూ పడుకునేటప్పుడు కూడా ఆ హాలే తలుచుకుని పళ్ళు కొరికాను.

"రేడియో ఏది?" అన్నాను.

"దాని బల్ల పట్టలేదు బావా. ఇంట్లో పెట్టేశాను," అన్నాడు బావ, చెంప మీంచి కత్తి తియ్యకుండా.

"గోడ అటునుంచి ఇటొచ్చిందయ్యా. ఇటునుంచి అటు కాదు," అన్నారు మాస్టారు అద్దంలోంచి.

చెల్లెలు టీ ఫ్లాస్కుతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల ముగ్గురికే చోటు లేదు, నాలుగో మనిషి ఎక్కడ?

"ఏమిటే ఇదంతా?" అన్నాను.

"నీ కుర్చీ వెలుతురు వెంట జరుగుతూ వస్తోంది అన్నయ్యా. అది వచ్చి కొట్టుకున్నప్పుడల్లా ఈయన వడ్రంగిని పిలిచి అడ్డు ఇటు జరిపిస్తున్నారు. దీపం కూడా నీ కోసమే."

నేను నమ్మలేదు. నమ్మే అలవాటుంటే కదా. నా కొట్టుకు వచ్చి, తలుపు దగ్గరకు వేసి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేల మీద చూస్తే అంతా బూడిదరంగు. అరచేత్తో తడిమాను. పలక దగ్గర నుంచి ఇటు వస్తుంటే మరలు దిగిన పాత కన్నాలు వేళ్ళకు తగిలాయి, వెంట్రుకలు కూరుకుపోయి. ఒక వరస తర్వాత ఇంకో వరస. ప్రతి వరస పక్కనా కుర్చీ దిమ్మ రాసుకుపోయిన గీతలు. అన్నిటికంటే పాత వరస, వడ్రంగి మొదట నడిమధ్యన వేసినది, ఎక్కడ తగిలిందనుకున్నారు? పలక వైపు కాదు, నా కుర్చీకి ఇవతల. అంటే నేను ఎప్పటి నుంచో బావ భాగంలో నిలబడి, బావ నా భాగం మింగుతున్నాడని తిడుతున్నాను.

సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు, కళ్ళు చూపించుకోమన్న చెల్లెలి మాట గుర్తొచ్చింది. బల్బు తప్పు కాదు, అద్దం తప్పూ కాదు.

సాయంత్రం బావ ఎప్పటిలాగే కత్తెర పట్టుకుని వచ్చాడు. నేను స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"మరి పేరేం పెట్టుకుంటావు?" అన్నాడు. అడ్డు కట్టాక ఇటువైపు అతను నోరు విప్పడం అదే మొదలు.

"వెక్కిరించకు. ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే నమ్ముతావా బావా? కుర్చీ లాక్కోవడానికి కథలల్లుతున్నానంటావు."

సరిగ్గా ఆ మాటే అనేవాణ్ణి. స్టూలు మీంచి లేచాను. అతను నా కుర్చీలో కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. ముందు నా వంతు రావాలి. ఆ రోజు తనే ముందు కూర్చున్నాడు.

గడ్డానికి నీళ్ళు రాశాను. నురగ పట్టించబోతూ, రోజూ చేసినట్టే చర్మం సాగదీయడానికి దవడ కింద వేళ్ళు పెట్టాను. ఇన్నాళ్ళూ కోపంలో పట్టించుకోని గరుకు ఈసారి వేళ్ళకు తెలిసింది. ఎండి చెక్కు కట్టిన గాటు. దాని పక్కనే ఇంకొకటి, మానిపోయి గీతయినది. చెవి కింద ఇంకొకటి. ఆ మొహం మీద నేను తప్ప మరొకరు కత్తి పెట్టరు. వారం వారం కోస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. గురక పెడుతున్నాడనుకున్నాను.

కత్తి తుడిచి, మడిచి, సొరుగులో పెట్టాను. ఆ చప్పుడుకు బావ కళ్ళు తెరిచాడు.

"ఏమైంది బావా?"

"లే. ఈసారి నీ గడ్డం నువ్వే గీసుకో," అన్నాను. "రేపు సెలవే కదా. నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

"సరే. పొద్దున్నే వస్తాను," అన్నాడు.

"వచ్చేటప్పుడు వడ్రంగిని కూడా తీసుకురా."

"మళ్ళీ ఎంత జరపమంటావు?"

"జరపడం కాదు, ఊడదీసెయ్యమను. నీ కుర్చీ కూడా తిరగాలి కదా."