నలుగురి పొడుగు

మొదట్లో ఆ ఇంట్లో నలుగురికీ కలిపి ఇరవై ఒక్క అడుగుల పొడుగు ఉండేది. నాన్న ఐదడుగుల పది అంగుళాలు, అమ్మ సరిగ్గా ఐదడుగులు, అక్కా చిన్నోడూ చెరో ఐదడుగుల ఒక అంగుళం. ఆ ఇంటివాళ్లకి పొడుగు పెరగడమంటూ ఉండదు, ఒకరి దగ్గర్నుంచి ఒకరికి రావడమే. చిన్నప్పుడు నాయనమ్మ చనిపోయిన ఏడాదే పిల్లలిద్దరూ బట్టలు పట్టనంతగా ఎదిగారు. ఆవిడ పొడుగు చెరిసగం వచ్చింది.

ఇచ్చేవాళ్లు తల వంచి ఎన్ని అంగుళాలో పైకి చెప్పాలి. పుచ్చుకునేవాళ్లు నడినెత్తిన చెయ్యి పెట్టి అదమాలి. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం ఆ ఇంట్లో లేదు.

రోజూ తెల్లారకముందే నాన్న బస్సు డ్యూటీకి వెళ్లిపోయేవాడు. కాసేపటికి చిన్నోడు తన కర్టెన్ల కొట్టు తెరిచేవాడు. ఒకరి దగ్గర పనికి చేరడం ఇష్టంలేక సొంతంగా పెట్టుకున్న కొట్టు అది. కిటికీని ఒకసారి చూస్తే చాలు, గుడ్డ ఎంత పడుతుందో, కుచ్చిళ్లకి ఎంత పోతుందో టేపు తీయకముందే చెప్పేసేవాడు. కానీ ఏ ఇంటికి కొలతలకి వెళ్లినా, తలుపు తీసినవాళ్లు వాడి తల మీదుగా వెనకాల రాడ్లు మోసుకొస్తున్న పనివాడితో మాట్లాడేవాళ్లు. ఆ పనివాడు ఆరడుగులుండేవాడు. "మీ కుర్రాడు భలే చురుగ్గా ఉన్నాడండీ" అని ఒకావిడ మెచ్చుకుంటే, అతను ఇబ్బందిగా నవ్వి, "ఆయనే మా ఓనరండీ" అన్నాడు. ఆవిడ నాలుక కరుచుకుంది. చిన్నోడు కూడా నవ్వేశాడు గానీ, ఆ పూట వాడికి ముద్ద దిగలేదు.

అప్పటికి వాడికి ముప్ఫై నిండబోతున్నాయి. కడ్డీ పట్టుకుని వేలాడి చూశాడు, మందపాటి బూట్లు కొన్నాడు. ఆ ఇంటి పొడుగు అలాంటివాటికి లొంగేది కాదు. చివరికి నాన్ననే అడిగాడు, కొట్టు నిలదొక్కుకునేదాకా అని. నాన్న పేపరు పక్కన పెట్టి తల వంచాడు. "ఐదు" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ కూడా వచ్చి, "నావి రెండు" అంది. చిన్నోడు ఐదడుగుల ఎనిమిది అంగుళాలయ్యాడు.

కొట్టు నిలదొక్కుకుంది. జనం సార్ అనడం మొదలుపెట్టారు. పని పెరిగి కొట్టు పక్కనే గది తీసుకున్నాడు. ఇంటికి వెళ్లడం తగ్గి, ఫోన్లే మిగిలాయి. అక్క పురిటికి వచ్చిందని తెలుసు. బావ ఓడ మీద ఉద్యోగి, పైగా మామూలు మనిషి, పొడుగు ఇవ్వడం ఆయన చేతిలో లేదు. అంతా బాగానే ఉందనేవాళ్లు ఇంట్లో. వీడు నమ్మేవాడు.

ఇంతలో కొత్తగా కట్టిన ఆడిటోరియం పని వచ్చింది. కిటికీలన్నిటికీ కర్టెన్లు, స్టేజీకి పెద్ద తెర. మర్నాడు వస్తే సంతకాలు చేసేద్దామన్నాడు మేనేజరు. ఈ సంగతి ఎదురుగా చెప్పాలని సాయంత్రం ఇంటికి వెళ్లాడు.

హాల్లో జుట్టు సర్దుకుందామని అద్దంలోకి చూస్తే చొక్కా గుండీలు కనిపించాయి. అద్దాన్ని కిందికి దించారు. గోడ మీద పాత మేకుల కన్నాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వంటింట్లో సింకు దగ్గర అమ్మ పీటెక్కి గిన్నెలు తోముతోంది. అక్క కుర్చీలో కూర్చుని ఉంది, కాళ్లు నేలకి అందడం లేదు.

"ఏంటక్కా ఇది?"

అక్క దాచలేదు. పుట్టేనాటికి బిడ్డకి ఇరవై అంగుళాలన్నా కావాలి. నాన్న ఐదిచ్చాడు, అమ్మ ఐదిచ్చింది, తను నాలుగిచ్చింది. స్కానింగుల్లో బిడ్డ పద్నాలుగు దగ్గరే ఆగిపోయింది. తనింకా తగ్గితే కడుపులో చోటు చాలదన్నారు. నాన్నకి ఇంకొక్క అంగుళం తగ్గితే క్లచ్ అందదు, ఉద్యోగం ఉండదు. మిగతా ఆరూ రేపు ఇచ్చేస్తానని అమ్మ పట్టుబట్టి కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడమంటే అడిగినట్టే కదరా."

చిన్నోడికి లెక్క దానంతటదే వచ్చేసింది. నాన్న ఐదడుగులు, అమ్మ నాలుగడుగుల ఐదు, అక్క నాలుగడుగుల తొమ్మిది, కడుపులో పద్నాలుగు అంగుళాలు. మిగతాదంతా తన ఒంటిమీదే ఉంది. ఆరు ఇస్తే అమ్మ నాలుగడుగులు కూడా ఉండదు.

రేపటి మేనేజరు కూడా గుర్తొచ్చాడు. సంతకాలయ్యాక ఇస్తే పోదా, ఒక్క రోజే కదా అనుకున్నాడు.

"కదులుతోందా?" అని అడిగాడు.

అక్క పొట్ట మీద చెయ్యి తీయలేదు. "నిన్నట్నుంచి పెద్దగా లేదురా."

చిన్నోడు ఆవిడ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. "ఆరు" అన్నాడు.

అక్క ఒక చెయ్యి పొట్ట మీదే ఉంచి, రెండోదాంతో అదిమింది. వాడి చొక్కా చేతులు వేళ్ల దాకా జారాయి. అప్పుడు అక్క వాడి చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల్నుంచి గట్టిగా తగిలింది.

"మేనమామని తన్నడం అప్పుడే మొదలైంది" అంది అక్క. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

చిన్నోడు లేచి, పొడవైపోయిన ప్యాంటు మడిచి, మేనేజరుకి ఫోన్ చేశాడు. "రేపు నేనే వస్తానండీ. మొన్న చూసినంత పొడుగుండను. గుర్తుపట్టరేమోనని ముందే చెబుతున్నా."

"రండి, చూద్దాం" అన్నాడాయన.

ఆ మాటలో ఏముందో వాడికి అంతుపట్టలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. అమ్మ అంతా వింటూనే ఉంది. కుళాయి కట్టేసింది గానీ వెనక్కి తిరగలేదు.

"చాలురా. నీకు ఒక్క అంగుళమన్నా మిగలనీ. నేను పీటకి అలవాటు పడిపోయాను" అంది.

"చెయ్యి పెట్టమ్మా."

"రేపు నలుగురి ముందు నిలబడాల్సినవాడివి."

"నిలబడతాను. నువ్వు చెయ్యి పెట్టు."

అమ్మ ఇటు తిరిగి చాలాసేపు వాడి మొహమే చూసింది. పిల్లల దగ్గర పుచ్చుకోవడం ఆవిడకి తెలియదు. చివరికి పీట మీంచే చెయ్యి చాచి వాడి నడినెత్తిన పెట్టింది, అదమకుండా ఊరికే ఆనించింది. తడి చల్లగా తగిలింది.

ఇది కూడా ఇచ్చేస్తే నాలుగడుగుల తొమ్మిది. పెద్దయ్యాక వాడెప్పుడూ అంత తక్కువ లేడు. రేపు ఆడిటోరియంలో ఎవరి తల మీదుగా ఎవరు మాట్లాడతారో తెలియదు. ఇన్నాళ్లూ ఎవరు పక్కన నిలబడినా మెడ నిక్కించేవాడు, ఇప్పుడు దాన్ని వదులుగా వదిలేశాడు. తల ఇంకాస్త వంచి, ఐదు అని చెప్పడానికి నోరు తెరిచాడు.