బడికి నడిచొచ్చిన వీణ

మహారాష్ట్ర సరిహద్దులో, గోదావరి ఒడ్డున, బాబ్లీకి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో శ్రావణమాసపు సప్తా నడుస్తోంది. ఏడు రోజులూ హరినామం ఆగకూడదు, మెడలో వేసుకునే చిన్న భజన వీణ నేల తాకకూడదు. ఒకరి మెడలోంచి ఇంకొకరి మెడలోకి మారుతూ అది మోగుతూనే ఉండాలి.

ఆ సాయంత్రమే మన చంద్రయాన్ చంద్రుడి మీద దిగబోతోంది. బడిలో పెద్ద తెర కట్టారు. భజన మండలి పెద్ద శంకర్రావు వీణ తెచ్చి, అరవై దాటిన సుందరాబాయి మెడలో వేశాడు.

"అక్కా, జర పట్టుకో. మేం చూసొస్తం. నీకెందుకు గవన్ని?" అని మగవాళ్లందరినీ వెంటేసుకుని పోయాడు.

సుందరాబాయికి ఒళ్లు మండిపోయింది. కిందటిసారి ల్యాండర్ జాడ తెలియకుండా పోయిన రోజు ఊళ్లో అన్నం ముట్టనిది ఆమె ఒక్కతే. "సొంత కొడుకు తప్పిపోయినట్టు ఏడుస్తదేంది" అని నవ్విందీ ఈ శంకర్రావే. ఓటమికి ఏడవడానికి ఆమె, గెలుపు చూడడానికి ఆయనా? ఏం న్యాయమండీ ఇది! ఆమె వీణ మీటుకుంటూ, "రామకృష్ణ హరి" అని పాడుకుంటూ రోడ్డెక్కింది. గుడి మండపంలో మిగిలిన ఆడవాళ్లు తాళాలు పట్టుకుని వెంట నడుస్తూ పాట అందుకున్నారు.

బడి గుమ్మంలో శంకర్రావు అడ్డం నిలబడ్డాడు. "పిచ్చి లేసిందా అక్కా? వీణ గుడి దాటొచ్చుడేంది? వాపస్ పో!"

"వారీ యాత్రల పండరపురం దాక రోడ్డు పొంటి నడిచే వీణ బడి దాక నడవదా? కింద వెట్టిన్నా? పాట ఆగిందా? హరిని ఇడిసిపెట్టి ఉరికొచ్చింది నువ్వు. జరుగు తమ్మీ! ఇది నీ ఒక్కని దేశమా?"

శంకర్రావు గుమ్మం వదిలాడు. లోపలివాళ్లు జరిగి ముందు చోటిచ్చారు. కాలువ నీళ్ల కోసం పొద్దున కర్రలెత్తిన రెండు వాడలవాళ్లూ ఇప్పుడు భుజాలు రాసుకుని కూర్చున్నారు. తెర మీద ల్యాండర్ కిందికి దిగుతున్నకొద్దీ మరాఠీ గొంతులూ తెలుగు గొంతులూ ఒక్కొక్కటే భజనలో కలిశాయి.

దిగింది. బడి కప్పు ఎగిరిపోయేంత కేక వేశారు.

శంకర్రావు కళ్లు తుడుచుకుంటూ వచ్చి చేతులు చాచాడు. "తప్పయింది అక్కా. ఇటియ్యి. నువ్వు గూడ చప్పట్లు కొట్టుకో."

సుందరాబాయి వీణను గట్టిగా హత్తుకుంది. ఆమెకూ కన్నీళ్లు కారిపోతున్నాయి. మీటే వేలు మాత్రం ఆగలేదు.

"ఇయ్య. మన దేశం చంద్రుని మీద దిగిననాడు వీణ ఎవరి మెడల ఉండెనని రేపు ఊళ్లె అడుగుతరు. నా పేరు చెప్పు."