భోజనం కాగానే టీ

నేను ఒక టీ క్యానును. నాలో ఇరవై లీటర్లు పడతాయి. నన్ను తయారుచేసిన మనిషి కుళాయి బిగిస్తూ ఎవరితోనో మాటల్లో పడ్డాడు. అందుకే అది ఇప్పటికీ రెండు చుక్కలు కారుస్తుంది.

మొదట ఒక షామియానాల దుకాణంలో అద్దెకు తిరిగాను. పెళ్లి భోజనం బాగోలేదని మూతి ముడుచుకున్నవాళ్లు నా దగ్గరే మూడో గ్లాసు పట్టుకునేవారు. పాతబడ్డాక సాలూరు వైపు కొండ కింద ఉన్న ఒక ఆడపిల్లల హాస్టలు నన్ను కొనుక్కుంది. అక్కడ వంటమనిషి సూరీడమ్మ. అల్లం దంచి ఆమె కాచే టీ నాలో ఉన్నంతసేపూ నాకు కాస్త గర్వంగానే ఉండేది.

నర్సు జసింత మేడమ్ పిల్లలందరికీ రక్తం పరీక్ష చేశారు. తొమ్మిదో తరగతి నూకరత్నానికి రక్తం తొమ్మిది గ్రాములు కూడా లేదు. కబడ్డీలో కూతకు వెళ్తే ఎవరికీ దొరకని పిల్ల, ఆ ఏడాది కూత సగంలోనే ఆయాసపడి దొరికిపోతోంది. రక్తం పదకొండు దాటకపోతే జిల్లా ఆటలకు తీసుకెళ్లనని డ్రిల్లు మాస్టారు తేల్చేశారు. మధ్యాహ్నం భోజనం కాగానే రోజూ ఐరన్ మాత్ర వేసుకోమన్నారు మేడమ్.

మాత్ర మింగితే కడుపులో తిప్పుతోందని పిల్లలు ముఖం చిట్లించారు. సూరీడమ్మ మనసు ఊరుకోలేదు. ఎవరూ అడగకుండానే మధ్యాహ్నం కూడా టీ కాచి, మాత్ర మింగడానికి నాలోంచి తలో గ్లాసు పట్టి ఇచ్చేది.

రెండు నెలల తర్వాత చూస్తే నూకరత్నం అంకె కదల్లేదు.

"మాత్రలు పారేస్తున్నావు కదూ?" అన్నారు మేడమ్.

"అమ్మతోడు మేడమ్, ఒక్కటీ మానలేదు."

మేడమ్ నమ్మలేదు. ఆ పిల్ల వంటింట్లో నా పక్కన కూర్చుని ఏడ్చింది. పెద్దవాళ్లకు లెక్క తప్పితే ముందు పిల్లల మీదే అనుమానం వస్తుంది.

మర్నాడు భోజనం వేళకు మేడమ్ చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నూకరత్నం మాత్ర నాలుక మీద పెట్టుకుంది. సూరీడమ్మ ప్రేమగా గ్లాసు అందించింది. మేడమ్ నెత్తి కొట్టుకున్నారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

పిల్లల్ని నా చుట్టూ కూర్చోబెట్టి చెప్పారు: "మాత్రలో ఇనుమైనా, తోటకూరలో ఇనుమైనా, వెంటనే టీ తాగితే ఒంటికి సరిగ్గా పట్టదు. గంటన్నరైనా ఆగాలి. నిమ్మకాయో ఉసిరికాయో జామకాయో తోడుంటే బాగా పడుతుంది." తర్వాత నూకరత్నం తల నిమిరి, "నిన్ను అనుమానించాను. తప్పు నాదేనమ్మా" అన్నారు.

సూరీడమ్మ కళ్లు తుడుచుకుంది. "పిల్లలకి వికారం తగ్గుతాదని పోసినాను మేడమ్. నా సేతుల్తో నానే ఆళ్ల నెత్తురు ఆపేసినానేటి?"

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. నన్ను ఎవరూ ఏమీ అనలేదు గానీ, నాకూ సిగ్గేసింది.

మర్నాడు ఆమె చింతపండు పెట్టి, అల్లం వాసన పోయేదాకా నన్ను తోమింది. నిమ్మరసం పిండి, ఉప్పూ కాస్త బెల్లమూ కలిపి నింపింది. టీ నాలుగు గంటలకు వేరే గిన్నెలోకి మారింది. మునగాకు పప్పును కంచం అంచుకు నెట్టే పిల్లల పక్కన నూకరత్నమే కూర్చుని తినిపించేది.

మరో రెండు నెలలకు మళ్లీ వేలు పొడిచారు. పదకొండున్నర.

నూకరత్నం గట్టిగా ఊపిరి పీల్చి, కూత పెడుతూ వంటిల్లు చుట్టూ పరుగెత్తింది. కూత తెగకుండా మూడు చుట్లు. అంత సంతోషం నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు.

అప్పుడే భోజనం ముగించిన జసింత మేడమ్ నవ్వుతూ గ్లాసు చాపారు. "సూరీడమ్మా, ఈ సంతోషానికి మంచి టీ ఇవ్వు."

సూరీడమ్మ గోడ గడియారం చూసింది. "నాలుగయ్యాక రండి మేడమ్. మీకు మాత్రం నెత్తురొద్దేటి?"

నూకరత్నం ఆయాసం లేకుండా వచ్చి, గ్లాసు అందుకుని నా కుళాయి తిప్పింది. మేడమ్ నిమ్మరసం తాగారు.