బహ్లాకు వెళ్లిన అక్కచెల్లెళ్లు

శుక్రవారం మధ్యాహ్నం రజియా వంటింట్లో టీ పోస్తుంటే ఫోన్‌లో పెంచలమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అక్కా, కడుపులో కత్తి పెట్టి తిప్పుతాన్నట్టుందే. మొన్నటి నుంచీ ఇట్లే. కాళ్లు చాపుకోలేకపోతాండా. ఆసుపత్రికి పంపమంటే మాత్ర ఇచ్చి పండుకోమంటాండారు. నువ్వన్నా ఏమన్నా చెయ్యక్కా..."

తిరిగి చేస్తే స్విచాఫ్.

ఇద్దరిదీ కడప దగ్గర ఒకే ఊరు. రజియా మస్కట్‌లో వెర్నెల్ అనే అమెరికన్ నర్సింగ్ టీచరు ఇంట్లో వంట చేస్తుంది. పెంచలమ్మ అక్కడికి రెండు గంటల దూరంలోని బహ్లాలో ఉమైమా అనే ముసలామె ఇంట్లో పనికుంది. ఆమెను ఆ పనిలో పెట్టిన ఏజెంటు ఇర్షాద్‌కు రజియా ఫోన్ చేసింది.

"అంతా డ్రామా," అన్నాడతను. "వీసా ఇచ్చింది ముసలామె కొడుకు. అతను దూరాన సూర్ అనే ఊళ్లో డ్యూటీలో ఉన్నాడు. అతను లేకుండా ఆమెను గడప దాటిస్తే పారిపోయిందని కేసు పెడతారు. నీ మీద కూడా."

హాల్లో వెర్నెల్, ఆమె స్నేహితురాళ్లు ఘాలా పేటలో కూలీలుండే రూముల కోసం సబ్బులు, కట్టుగుడ్డలు సంచుల్లో సర్దుతున్నారు. అందరూ నల్లజాతి ఆడవాళ్లే. కాలేజీ రోజుల్లో ఒకే సొరారిటీలో, అంటే ఆడపిల్లల సంఘంలో, చేరినవాళ్లు. జుట్టు నెరిసినా ఒకరినొకరు 'సిస్టర్' అనే పిలుచుకుంటారు. రజియా ట్రే పట్టుకుని వచ్చి గుమ్మానికి తగిలింది. టీ అంతా గచ్చు మీద పడింది.

"ఏమైంది రజియా?" వెర్నెల్ లేచి వచ్చింది.

వచ్చిన ఇంగ్లీషూ హిందీ కలిపి రజియా చెప్పింది. వెర్నెల్ వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఇల్లెక్కడ అని వాళ్లడిగారు. రజియా ఒకసారి వెళ్లింది, దారి గుర్తుంది. అడ్రసు తెలియదు.

"మనం పరాయి దేశంలో ఉన్నాం," అంది స్నేహితురాళ్లలో పెద్దామె. "ఒకరి ఇంటి మీదికి వెళ్తే ఉద్యోగాలు పోతాయి, వెర్నెల్."

"పోవచ్చు," అని వెర్నెల్ కారు తాళాలు తీసుకుంది. పెద్దామె గొణుక్కుంటూనే వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

కొండల మధ్య రోడ్డు ఎంతకీ తరగడం లేదు. రజియా మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉంది.

"మీకెందుకు మేడమ్ ఈ తంటా?" అంది ఏడుస్తూ.

"మా సంఘం పుట్టి నూరేళ్లు దాటింది," అంది వెర్నెల్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "బానిసల మనవరాళ్లు పెట్టుకున్నారు. చదువు దొరికినవాళ్లు దొరకనివాళ్ల దగ్గరికి వెళ్లాలన్నదే మాట. మా అమ్మమ్మ కాలంలో మిసిసిపీలో పత్తి చేల కూలీలకు వైద్యం చేద్దామని మా సంఘం వాళ్లు వెళ్లారు. భూస్వాములు కూలీలను బయటికి వదల్లేదు. అప్పుడు మందులు కార్లలో పెట్టుకుని చేల దగ్గరికే వెళ్లారు."

"అందరూ బతికినారా మేడమ్?"

"లేదు. తెరవని తలుపులు కూడా ఉండేవని చెప్పేది అమ్మమ్మ."

రజియా కొంగు నోట్లో కుక్కుకుంది.

బహ్లాలో ఖర్జూరం తోటల వెనక ఆ ఇల్లు కనబడింది. గేటుకు లోపలినుంచి గడియ. బెల్లు కొడితే ఉమైమా గేటు సందులోంచి చూసింది.

"నా కొడుకు లేడు. ఎవరొచ్చినా తెరవొద్దన్నాడు. ఇంతకుముందు పనిపిల్ల ఇట్లాగే పారిపోయింది. ఇది నిద్రపోతోంది, వెళ్లండి."

"పెంచలా!" రజియా గేటు బాదింది. "పెంచలా, పలకవే!"

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. రజియా గేటు సందుకు మొహం ఆనించి, తనకు వచ్చిన అరబీలో అడిగింది. "అమ్మా, పారిపోవాలంటే ముందు లేచి నిలబడాలి కదా. నువ్వే పోయి లేపు. అది నిలబడితే నేను వెనక్కి వెళ్లిపోతా. నన్ను పోలీసులకు పట్టించు."

ముసలామె లోపలికి వెళ్లింది. చెప్పుల్లేకుండా పరుగున తిరిగి వచ్చింది. గడియ ఆమెకు ఊడిరాలేదు. రజియా బయటినుంచి గేటును తోసి పట్టుకుంటే ఊడింది.

పెంచలమ్మ వంటింటి పక్క గదిలో ముడుచుకుని పడుంది. పెదాలు నల్లబడ్డాయి. వెర్నెల్ కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. "చెక్కలా ఉంది. లోపల ఏదో పగిలింది. త్వరగా!"

నలుగురూ చాపతో సహా ఎత్తి కార్లో పడుకోబెట్టారు. గేటు దగ్గర ఉమైమా ఆగిపోయింది. కొడుక్కి ఫోన్ కలపబోయి మానేసింది. తన గుర్తింపు కార్డూ పెంచలమ్మ కార్డూ తెచ్చుకుని కారెక్కి, పెంచలమ్మ పాదాలను ఒళ్లో పెట్టుకుంది.

"నాకు తెలియలేదు," అని దారంతా అంటూనే ఉంది.

అపెండిక్సు పగిలి చీము కడుపంతా పాకిందన్నారు దగ్గర్లోని పెద్దాసుపత్రి డాక్టర్లు. ఆపరేషను చేశారు, కానీ బతుకుతుందని మాట ఇవ్వలేమన్నారు. తర్వాతి రోజుల్లో వెర్నెల్ స్నేహితురాళ్లు వంతులు వేసుకుని మస్కట్ నుంచి వచ్చి ఐసీయూ బయట కూర్చున్నారు. రజియా మాత్రం అక్కడినుంచి కదల్లేదు. సూర్ నుంచి కొడుకు వచ్చి అరిచాడు, కేసు పెడతానన్నాడు. "గేటు తీసింది నేను," అంది ఉమైమా. అతను తల్లికేసి చూసి విసురుగా వెళ్లిపోయాడు. కేసు పెడతాడో లేదో ఎవరికీ తెలియలేదు.

ఒక ఉదయం పెంచలమ్మ కళ్లు తెరిచింది. రజియాను గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది.

"అక్కా," అంది పీలగా. "నన్ను మళ్లా ఆడికే పంపిస్తారా?"

రజియాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"తెలీదే," అంది. "యాడికి పంపినా ఇంకోసారి గేటు బాదడానికి నేనుండా."

పెంచలమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. రజియా ఆమె వేళ్లను పట్టుకుని అట్లాగే కూర్చుంది. వరండాలో వెర్నెల్ భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేసి, ఎవరైనా ఎత్తుతారని ఎదురుచూస్తూ ఉంది.