మూడు నెలలు మింగిన మందు

మందుల కొట్టాయనకు పేటలో ‘సగం డాక్టరు’ అని పేరు. పెట్టినవాళ్లు వెటకారానికి పెట్టారు. ఆయన బిరుదుగా స్వీకరించాడు. తక్కిన సగం తనకు రాకపోవడం కేవలం విశ్వవిద్యాలయాల అశ్రద్ధేనని ఆయన ప్రగాఢ విశ్వాసం. అద్దాల బల్ల వెనుక నిలబడి, కళ్లజోడు ముక్కు కొసకు దించి, జలుబుతో వచ్చినవాడికి నాసికా నిర్మాణం మొదలుకొని మానవజాతి పతనం దాకా వివరించి, చిట్టచివర “వేడినీళ్లు తాగి పడుకో, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లు” అని మందు అమ్మకుండానే పంపేవాడు. సలహా ఎప్పుడూ మంచిదే. దాన్ని చేరుకోవడానికే చాలా దూరం నడవాలి.

అటువంటి మహాసామ్రాజ్యంలో ఒకే ఒక్క తిరుగుబాటు మిగిలింది: దర్జీ పెద్దమ్మ దగ్గు.

పెద్దమ్మ పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకుని, లోకం చింపుకున్న బట్టలన్నీ అతికే మనిషి. అరవై దాటాయి. దగ్గూ ఆయాసమూ అని ఆసుపత్రికి వెళితే అక్కడి డాక్టరు చీటీ రాసి, “ఎలా వాడాలో మందుల కొట్టులో చూపిస్తారు” అన్నాడు. ఆ రోజు సగం డాక్టరు అమోఘంగా మాట్లాడాడు. ఊపిరితిత్తులను తలకిందులుగా మొలిచిన చెట్టుతో పోల్చాడు. కొమ్మలూ రెమ్మలూ గాలిలో గీసి చూపాడు. మాట్లాడుతూనే గొట్టం మాత్రల సీసాను, వాటిలోని పొడిని పీల్చడానికి వాడే చిన్న పరికరమున్న అట్టపెట్టెను సంచిలో వేశాడు.

“పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అర్థమైందా పెద్దమ్మా?”

“అయింది నాయనా.”

వెనక ఆరుగురు నిలబడి ఉండగా కాలేదని చెప్పాలంటే ఎంత గుండె కావాలి!

నెల తిరిగింది. దగ్గు తగ్గలేదు సరికదా, కొత్తగా పిల్లికూతలు కూడా తోడు తెచ్చుకుంది.

“మందు సరిగ్గా వాడుతున్నావా?” అన్నాడు సగం డాక్టరు, న్యాయమూర్తి గొంతుతో.

“పూట తప్పడం లేదు నాయనా.”

“మరి తగ్గదేం? అబద్ధమాడేది మందా, మనిషా?”

“మందుకు నోరు లేదుగా, మనిషే అయ్యుంటుంది డాక్టరు గారూ!” అన్నాడు వరసలో ఉన్న క్షురకుడు. కొట్టంతా నవ్వింది. పెద్దమ్మ తల దించుకుని, గుడ్డముక్క నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ హాస్యం సగం డాక్టరుకు ఎంత నచ్చిందంటే, రెండో నెలా మూడో నెలా తనే దాన్ని మళ్లీ ఎత్తుకున్నాడు.

మూడో నెలాఖరున ఆయన భార్య తలగడ గలీబులు కుట్టించుకురావడానికి వెళ్లి, తిన్నగా కొట్టుకు వచ్చింది. అప్పుడు బేరాలు లేవు.

“ఏమండీ, ఆ పీల్చే మాత్రను మంచినీళ్లతో మింగొచ్చా?”

“మింగితే కడుపులోకి పోతుంది. ఊపిరితిత్తులకేం అందుతుంది, నా మొహం! ఎవడా మూర్ఖశిఖామణి?”

“మీ పెద్దమ్మ. ఇప్పుడే నా ముందు గ్లాసెత్తి గుటుక్కుమనిపించింది.”

“పరికరం ఇచ్చానే!”

“ఇచ్చారు. అందులో గుండుసూదులు పోసుకుంది. ‘మీ ఆయన ఎంత మంచివాడమ్మా, మాత్రలతోపాటు సూదుల డబ్బీ కూడా ఇచ్చాడు’ అంటోంది.” ఆమె గొంతు తగ్గించింది. “మీరు తెరిచి చూపించలేదా?”

సగం డాక్టరు జ్ఞాపకాలన్నీ తిరగేశాడు. చెట్టు కనబడింది. కొమ్మలు కనబడ్డాయి. రెమ్మలు సైతం కనబడ్డాయి. పెట్టె తెరిచిన చేయి మాత్రం ఎక్కడా కనబడలేదు. ఇతరులు చేసిన అవమానానికి కోపమైనా వస్తుంది; తనకు తానే చేసుకున్నదానికి చెవులు వేడెక్కడం తప్ప వేరే దారి లేదు.

కొట్టు మూసి, కొత్త పరికరం జేబులో వేసుకుని బయలుదేరాడు. దారిపొడుగునా ఒక మహత్తరమైన క్షమాపణను మనసులో రచించుకున్నాడు. అందులో ‘నా ఘోరాపరాధము’ అనే సమాసం రెండుసార్లు వచ్చింది.

పెద్దమ్మ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. సగం డాక్టరు ఎవరి ముఖమూ చూడకుండా పరికరం తెరిచాడు. మాత్రను లోపల పెట్టాడు. అడుగుభాగం తిప్పి, మాత్ర విడిపోయి పొడి రాలడం చూపించాడు. పరికరాన్ని పెదవుల మధ్య బిగించి గట్టిగా పీల్చి ఊపిరి ఎలా బిగబట్టాలో, తరువాత నోరు ఎలా పుక్కిలించాలో అభినయించాడు.

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. “అయ్యో, మింగేశానే! మూడు నెలలు! నా బుద్ధి గడ్డి తింది నాయనా. నువ్వంత చెప్పినా నా చెవికెక్కలేదు. ఏమీ అనుకోకు.”

ఆడవాళ్లిద్దరూ ఫక్కున నవ్వారు. సమాసం గొంతులో అడ్డం పడింది. దాని స్థానంలో ఆయన నోట వెలువడిన వాక్యం ఇది:

“సరేలే పెద్దమ్మా. ఇకనైనా చెప్పేది శ్రద్ధగా విను.”

అనగా ఆయన ఆమెను క్షమించాడు! లోకంలో దొంగతనాలు అనేకం; ఎదుటివాళ్లకు చెందవలసిన క్షమాపణను తానే కాజేసి ఇంటికి పోవడం వాటిలో చేరుతుందో లేదో ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు. కాని ఆయన కాళ్లు మాత్రం దొంగకాళ్లలాగే వెనుదిరిగాయి.

“చెప్పారా?” అంది భార్య.

“చెప్పాను.”

“ఏం చెప్పారు?”

“వాడే విధానం.”

“నేనడిగింది అది కాదు,” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

రెండు వారాల్లో పెద్దమ్మకు ఊపిరి తేలికపడింది. దానితో సగం డాక్టరు కీర్తి దిక్కులు పిక్కటిల్లేలా మోగింది. “ఇల్లు వెతుక్కుంటూ వచ్చి నేర్పాడు!” అని ఆమె బట్టలిచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. ప్రతి పొగడ్తా ఆయనకు పట్టుగుడ్డలో చుట్టిన చెప్పుదెబ్బ. ఉపన్యాసాలు కుదించుకుపోయాయి. పెద్దమ్మ వస్తే వెనక అరలో ఏదో సర్దేవాడు.

ఒక ఉదయం కొట్టు కిటకిటలాడుతుండగా ఆమె పక్కింటి బస్సు డ్రైవరును వెంటబెట్టుకు వచ్చింది. అతని చీటీలోనూ అదే మందు.

“నాలాగా మింగేస్తావు, జాగ్రత్త!” అంది నవ్వుతూ.

“అబద్ధమాడేది మందు కాదని డాక్టరు గారు ఆనాడే అన్నారుగా!” అన్నాడు క్షురకుడు. అందరూ నవ్వారు. పెద్దమ్మా నవ్వింది. కాని ఆమె వేళ్లు చేతిలోని గుడ్డముక్కను మడిచి, విప్పి, మళ్లీ మడుస్తున్నాయి. సగం డాక్టరు ఆ వేళ్లు చూశాడు.

“ఆ రోజు నేను చూపించలేదు,” అన్నాడు.

ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాడు. “పెట్టె నేను తెరవనేలేదు. తప్పు ఆమెది కాదు. మూడు నెలలు మీ అందరి ముందూ ఆమెను అబద్ధాలకోరును చేశాను.”



“పెద్దరికమంటే ఇదీ! ఆవిడ పరువు కోసం తప్పు తన మీద వేసుకుంటున్నారు!” అన్నాడు క్షురకుడు. అవునవునని తలలు ఊగాయి. ముప్పై ఏళ్లలో ఆయన చేసిన అతిచిన్న ఉపన్యాసం అది. జనం నమ్మనిదీ అదొక్కటే.

పెద్దమ్మ మాత్రం తల ఊపలేదు. బల్ల మీదికి వంగి మెల్లగా అంది: “నాకు తెలుసు నాయనా.”

“తెలుసా?”

“నువ్వొచ్చినప్పుడు నా తప్పేననుకున్నా. నువ్వెళ్లాక గుర్తొచ్చింది, ఆ పెట్టె సీలు మా ఇంట్లో నేనే చింపానని. రేపో మాపో నువ్వే అంటావులే అని ఊరుకున్నా.” గుడ్డముక్క మడిచి సంచిలో పెట్టుకుంది. “ఇన్నాళ్లు పడుతుందనుకోలేదు.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయనకు కాస్త సుఖంగా ఉండేది.

“ఇంతకీ ఇదెలా వాడాలండీ?” అన్నాడు డ్రైవరు.

సగం డాక్టరు పెట్టె సీలు అందరి ఎదుటా చింపాడు. మాత్ర జారి బల్ల కిందికి దొర్లిపోయింది. ఆయన వంగాడు. మాత్ర వెంటనే కనబడింది. అయినా చాలాసేపు వెతికాడు. పైన పెద్దమ్మ ఇంకో మాత్ర తీసి డ్రైవరుకు చెబుతోంది: “ముందు లోపలున్న ఊపిరంతా బయటికి వదలాలి బాబూ. తొందరపడకు.”