ఎనిమిదో గొలుసు

నేను ఒక ఇనుప గొలుసుని. స్కాట్లండ్‌లో, క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే చోట నా కొలువు. ఓడంటే అందరికీ ముద్దే. దాన్ని ఆపే గొలుసంటే ఎవరికీ పట్టదు. కానీ మా నది ఇరుకు. కట్టిన ఓడను నీళ్ళలోకి జారవిడిస్తే అది తిన్నగా అవతలి ఒడ్డెక్కి కూర్చుంటుంది. అందుకే మమ్మల్ని గుట్టలుగా పోసి దానికి కట్టేవారు. ఓడ జారుతుంటే మేం నేలమీద ఈడ్చుకుపోతూ దాని వేగం తగ్గించేవాళ్ళం. ఓడకు పేరు పెట్టడానికి వచ్చిన దొరసాని మాత్రం దాని ముక్కుకేసి సారా సీసా పగలగొట్టి వెళ్ళిపోయేది. చాకిరీ మాది, చప్పట్లు ఆవిడవి.

మమ్మల్ని కట్టే పని గిల్‌క్రైస్ట్ అనే ముసలాయనది. ఆయన ఇల్లు సరిగ్గా అవతలి ఒడ్డునే, నీళ్ళను ఆనుకుని ఉంది. భార్య ఎఫీ మోకాళ్ళ నొప్పులతో గడప దాటదు. ఇక ఆయన ముడి ఎంత గట్టిగా వేసేవాడో వేరే చెప్పాలా?

ఆ ఏడు కార్‌మైకేల్ అని కొత్త మేనేజరు వచ్చాడు. కాగితం మీద లెక్క కట్టి, "ఈ ఓడకు ఆరు గుట్టలు చాలు," అన్నాడు.

"ఎనిమిది కావాలి సార్. ఇది బరువైన ఓడ," అన్నాడు గిల్‌క్రైస్ట్.

"లెక్క తప్పదు. ఒక్కటి ఎక్కువ కట్టావో, నీ ఉద్యోగం ఉండదు."

దొరలు భోజనాలకు వెళ్ళగానే గిల్‌క్రైస్ట్ నా జోడును ఏడో గుట్టగా, నన్ను ఎనిమిదో గుట్టగా తెచ్చి ఓడకు చెరో పక్కన కట్టేశాడు. జెండాలూ బ్యాండూ ఉన్నచోట గొలుసులెవరు లెక్కపెడతారు?

ఓడ కదిలింది. ఆరు గుట్టలూ దుమ్ము లేపుతూ ఈడ్చుకుపోయాయి. అయినా ఓడ ఆగలేదు. చివర కట్టిన మా వంతు వచ్చింది. అబద్ధమెందుకు, నాకు భయమేసింది. నా లంకె ఒకటి ఫట్‌మని తెగింది, కానీ అప్పటికే ఓడ జోరు తగ్గింది. ఓడ ఎఫీ ఇంటి గోడకు బారెడు దూరంలో నిలబడింది. ఆవిడ కిటికీ తెరిచి, "ఎవరండీ వెలుతురుకి అడ్డం?" అందట.

"చూశారా, ఆరు సరిపోయాయి," అని కార్‌మైకేల్ మురిసిపోయాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వచ్చే ఓడకు ఐదు చాలన్నాడు.

గిల్‌క్రైస్ట్‌కు ముద్ద దిగలేదు. నోరు మూసుకుంటే ఇల్లు పోతుంది, తెరిస్తే ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడోనాడు నా తెగిన లంకెను మేనేజరు కాగితాల మీద పెట్టి, "ఇది ఎనిమిదో గుట్టది సార్," అన్నాడు.

కార్‌మైకేల్ మొహం పాలిపోయింది. వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడంతే.

నన్ను పాత ఇనుము కుప్పలో పడేశారు. అక్కణ్ణించి అన్నీ కనిపిస్తాయి. తరవాతి ఓడ దిగే రోజున కార్‌మైకేల్ ఒక్కడే గిల్‌క్రైస్ట్ దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఎన్ని కడుతున్నావు?"

"మీ లెక్క ఎంతంది సార్?"

"నిన్ను అడగమంది."