మంగళమునకు ముందు

చైత్రమాసపు టెండ చల్లారుచుండ నాగావళీతీరమందలి యొక గ్రామమున శ్రీరామనవమీ మహోత్సవార్థము వేయబడిన తాటాకుపందిరి క్రింద పచ్చిమట్టల వాసనయు పానకపు మిరియముల ఘాటును నొక్కటై సభాసదుల నాహ్లాదపరచుచుండెను. ఆ పందిరినడుమ కాళ్ల గజ్జెలును చేత చిడతలును దాల్చి హరికథాగానవిశారదయగు రంగమణి నిలిచియుండెను. పదునేడేండ్లుగా నామె పాటకు ఫిడేలు తోడు పలికించుచున్న వృద్ధుడు జోగారావు వెనుక కూర్చుండియుండెను.

వ్రేళ్లకు వణకు పుట్టినందున నదియే యాతని కడపటి సభ. అన్న పరులపాట ననుసరించి వాయించుట విన్నదే కాని యాత డొంటరిగా రాగము తీయగా నెన్నడును విని యెరుగని చెల్లెలు నరసాయమ్మ యా యూరనే కాపురముండుటచే ముందువరుసయందు చాప పరచుకొని కూర్చుండెను. అశోకవనమున సీత విలపించు ఘట్టమున తాను మౌనము వహించి జోగారావు నొక్కనినే ముఖారిరాగము వాయింపనిచ్చెదనని రంగమణి యుదయమున మాట యిచ్చియుండెను.

కాని సీతాశోక మారంభింపగనే వెనుకవరుసలవారు గుసగుసలాడసాగిరి. జనుల చూపు చెదరుట సహింపజాలని రంగమణి గారెలకై యత్తవారి గోడ దూకిన యల్లుని పిట్టకథ నెత్తుకొనెను.

"ఓలమ్మో, ఆ అల్లుడు మా బావే! నిన్ననే దూకీసినాడు!" అని యొకడు కేకవేసెను.

"దూకితే దూకినాడు, మా వాటా గారెలేవీ?" అని యామె చిడతలు మ్రోగించుచు బదులు పలుకగా పందిరి యంతయు నవ్వులతో నూగిపోయెను. ఒక పిట్టకథ మరియొకదానిని పిలిచెను. నవ్వుల రుచి మరిగిన యామె తన వెనుక జోగారావు ఫిడేలు కమాను రెండుమారులు తంత్రి నంటి మరల దిగుట గమనింపదయ్యెను. అంతలో పెద్దలు హారతి వెలిగింపగా నానందపరవశయై మంగళము పాడివేసెను.

జనులు లేచిపోయిరి. నరసాయమ్మ మాత్రము చాపమీదనుండి కదలలేదు.

"అమ్మా, మా అన్న ఒక్కడే వాయిస్తాడన్నారు. అదెప్పుడమ్మా?"

రంగమణి గిరుక్కున జోగారావు వైపు దిరిగెను. "మర్చిపోయాను మావయ్యా! ఇప్పుడైనా వాయించు, నీ చెల్లికోసం."

జోగారావు కమాను వెండ్రుకలు వదులుచేయుచు చిరునవ్వు నవ్వెను. "మంగళం పాడీసినావు కదమ్మా. ఆ తర్వాత రాగం ఎత్తకూడదని నీకు నేను చెప్పాలా? పోనీలే, జనం భలే నవ్వినారు."

అంతట నాతడు చెల్లెలికి చేయూతనిచ్చి లేపి యేటిగట్టుదారి పట్టెను. గ్రామస్థులు రంగమణిని చుట్టుముట్టి యల్లుని కథనే మరల మరల చెప్పుకొని పొగడుచుండ నామె యందరికిని చేతులు జోడించుచునే యుండెను. సభ నెల్ల మెప్పింపనేర్చిన యా కంఠమునకు గట్టువెంట పోవుచున్న యా యిరువురిని వెనుకకు బిలుచు నొక్క మాటయు దొరకదయ్యెను.